సంగీతం డిగ్రీ చదవాలనుకునే సరిహద్దు జిల్లాల తెలుగు పిల్లలకు: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను పర్లాకిమిడిలో పుట్టాను. విజయనగరంలో వయొలిన్ డిప్లొమా, విశాఖపట్నంలో ఎం.ఏ. చేసి, ఇరవై ఏళ్ళుగా బరంపురంలో పాఠాలు చెబుతున్నాను. ప్లస్ టూ ఫలితాలు వచ్చే రోజుల్లో ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ, కోరాపుట్ జిల్లాల నుంచి తల్లిదండ్రులు ఫోన్ చేస్తుంటారు. ప్రశ్నలు దాదాపు ఒకటే ఉంటాయి. ఫోన్‌లో అయిదు నిమిషాల్లో చెప్పలేనిది ఇక్కడ తీరుబడిగా రాస్తున్నాను.

మేడమ్, ముందు ఒక్కటి చెప్పండి. సంగీతం చదివితే కూడు పెడుతుందా?

పెడుతుంది. కానీ మొదటి నెల నుంచి పెట్టదు, ఒకే చోట నుంచీ పెట్టదు. నాకు తెలిసిన సంగీతం వాళ్ళలో ఎక్కువ మందికి మూడు నాలుగు చోట్ల నుంచి డబ్బు వస్తుంది. పొద్దున్న బడిలో ఉద్యోగం, సాయంత్రం ఇంట్లో పాఠాలు, పండగ రోజుల్లో కచేరీలు, నడుమ ఎప్పుడైనా రేడియో రికార్డింగు. ఇంజినీరింగ్ చదివిన కుర్రాడికి ఒక కంపెనీ, ఒక జీతం ఉన్నట్టు ఇక్కడ ఉండదు. ఆ తేడా తల్లిదండ్రులకు ముందే తెలిస్తే తర్వాత గొడవలు ఉండవు.

ఇంకో మాట కూడా చెప్పాలి. పిల్ల బాగా పాడుతుంది కాబట్టి సంగీతంలో చేర్చామంటే సంతోషం. వేరే ఎక్కడా సీటు రాలేదు కాబట్టి చేరుస్తామంటే మాత్రం వద్దని చెబుతాను. రోజుకు మూడు గంటల సాధన ఇష్టం లేకుండా చేయడం పిల్లలకు పెద్ద శిక్ష.

మంచి గురువు దొరికారు. డిగ్రీ అవసరమా?

పాడడం నేర్పేది గురువే. డిగ్రీతో ఎవరూ విద్వాంసులు కాలేదు. కానీ బడిలో టీచర్ పోస్టుకు దరఖాస్తు పెట్టే రోజున గురువు గారి ఆశీర్వాదాన్ని స్కాన్ చేసి అప్‌లోడ్ చేయలేం కదమ్మా. అక్కడ విశ్వవిద్యాలయం ఇచ్చిన కాగితమే అడుగుతారు. అందుకని రెండూ కావాలని చెబుతాను. కాలేజీలో చేరాక గురువు దగ్గరికి వెళ్ళడం మానేసిన పిల్లలు పరీక్షలు పాసవుతారు గానీ కచేరీలో కూర్చుంటే తేలిపోతారు. సెలవులకు ఇంటికి వచ్చినప్పుడల్లా పాత గురువు ముందు కూర్చొని ఆ ఏడాది నేర్చుకున్న కృతులు వినిపించండి.

మా ఊళ్ళ నుంచి ఎక్కడికి వెళ్తే మంచిది?

కర్ణాటక సంగీతం అయితే మనకు దగ్గరిది, పాతది విజయనగరం. అక్కడి మహారాజా సంగీత కళాశాల 1919లో మొదలైంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వయొలిన్ విద్వాంసుడు ద్వారం వెంకటస్వామినాయుడు గారు అక్కడే పాఠాలు చెప్పి, తర్వాత ప్రిన్సిపాల్ అయ్యారు. ఘంటసాల గారు చదివింది కూడా అక్కడే. రాయగడ నుంచి పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలు నేరుగా వెళ్తుంది. బరంపురం నుంచి హౌరా మెయిన్ లైను ఉండనే ఉంది. పర్లాకిమిడి, గుణుపురం వాళ్ళు నౌపడా దాకా వచ్చి అదే లైను పట్టుకోవచ్చు. అక్కడ సర్టిఫికెట్, డిప్లొమా కోర్సులు ఉంటాయి. పునాది గట్టిపడడానికి అంత మంచి చోటు మన చుట్టుపక్కల ఇంకోటి లేదని నా నమ్మకం. నేను అక్కడ చదివాను కాబట్టి కాస్త అభిమానం కలిసి ఉండవచ్చు.

ఎం.ఏ. కి ఆంధ్ర విశ్వవిద్యాలయం. 1926లో పుట్టిన ఆ విశ్వవిద్యాలయానికి మన కోరాపుట్ జిల్లా జయపురం మహారాజు విక్రమదేవ వర్మ గారు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. జయపురం పిల్లలతో ఈ సంగతి తప్పకుండా చెబుతాను. పరాయి చోటికి వెళ్తున్నామన్న బెరుకు తగ్గుతుంది.

ఇంకా దూరం వెళ్ళగలిగితే తిరుపతిలో పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం, తితిదే నడిపే సంగీత నృత్య కళాశాల ఉన్నాయి. హైదరాబాదులో తెలుగు విశ్వవిద్యాలయం ఉంది. చెన్నైలో మద్రాసు విశ్వవిద్యాలయపు సంగీత విభాగం చాలా పాతది. చెన్నైలో చదివే పిల్లలకు డిసెంబరు కచేరీల కాలం అదనంగా దొరుకుతుంది. రోజుకు నాలుగైదు కచేరీలు వినవచ్చు, చాలా సభల్లో మధ్యాహ్నం కచేరీలకు టికెట్ ఉండదు.

ఒడిశా శాస్త్రీయ బాణీ ఒడిస్సీ గాత్రం, హిందుస్తానీ, మర్దళ (ఒడిస్సీలో వాయించే మద్దెల) వంటివాటికి భువనేశ్వర్. 1964లో పెట్టిన ఉత్కళ సంగీత మహావిద్యాలయం, 1999లో వచ్చిన ఉత్కళ సంస్కృతి విశ్వవిద్యాలయం అక్కడివే. హిందుస్తానీ మీద గట్టి ఇష్టం ఉన్నవాళ్ళు ఛత్తీస్‌గఢ్‌లోని ఖైరాగఢ్, వారణాసిలోని బనారస్ హిందూ విశ్వవిద్యాలయం వైపు కూడా చూడండి. ఖైరాగఢ్‌లోని ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం 1956 నుంచి కళల కోసమే నడుస్తోంది.

కర్ణాటకమా, ఒడిస్సీయా? ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా. ఎటు వెళ్ళాలి?

పిల్లల చెవి ఎటు ఉంటే అటు. మన పిల్లలు శ్రీరామనవమి పందిట్లో త్యాగరాజ కృతులు వింటారు, పక్క వీధి గుడిలో జయదేవుని అష్టపదులు ఒడియా బాణీలో వింటారు. బరంపురంలో రెండేళ్ళకోసారి వచ్చే బుధీ ఠాకురాణి జాతరలో తెలుగు డేరా సాలీల ఇళ్ళ ముందు సన్నాయి, డోలు వింటారు. విజయవాడలో పెరిగిన పిల్లకు ఈ వినికిడి ఉండదు. అందుకే ఒకటి డిగ్రీకి తీసుకోండి, రెండోదాన్ని వదలకండి. నా దగ్గర నేర్చుకున్న ఒక అబ్బాయి కర్ణాటక వయొలిన్‌లో డిప్లొమా చేసి, ఇప్పుడు భువనేశ్వర్‌లో ఒడిస్సీ నాట్య ప్రదర్శనలకు వయొలిన్ వాయిస్తున్నాడు. గమకం (స్వరాన్ని ఊపి పలికించడం) తెలిసిన చెయ్యి, ఒడియా పాటకు అర్థం తెలిసిన మనసు ఒకే మనిషిలో ఉండడం అక్కడ వాళ్ళకు నచ్చింది.

మొదటి మూడేళ్ళలో మాత్రం రెండు బాణీలూ కలిపి సాధన చేయవద్దు. గొంతు ఎటూ నిలవదు.

మావాడు ఇంతవరకూ నేర్చుకోలేదు. ప్లస్ టూ అయ్యాక మొదలుపెట్టి డిగ్రీలో చేరవచ్చా?

సర్టిఫికెట్ కోర్సులో చేరవచ్చు. నేరుగా డిగ్రీలో చేరితే మొదటి ఏడే కష్టం. సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు, గీతాలు దాటి కనీసం నాలుగైదు వర్ణాలు మూడు కాలాల్లో పాడగలిగితే క్లాసు అందుకోగలడు. దానికి సాధారణంగా నాలుగేళ్ళు పడుతుంది. వయసు మీరిందని బాధపడనక్కరలేదు. పక్కన ఇంకో డిగ్రీ చదువుతూ సాయంత్రాలు నేర్చుకొని, తర్వాత సంగీతంలోకి వచ్చినవాళ్ళు ఉన్నారు.

పదమూడేళ్ళ అబ్బాయి. నిన్నటిదాకా చక్కగా పాడినవాడికి ఇప్పుడు గొంతు బొంగురుపోయింది. సంగీతం మానిపించాలా?

వద్దు, వద్దు. ఈ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు కంగారు పుడుతుంది, ఎందుకంటే మంచి గొంతులు చాలా ఈ వయసులోనే మూలపడిపోతున్నాయి. మగపిల్లలకు స్వరపేటిక పెరిగే కాలం అది. అయిదు శ్రుతిలో పాడినవాడు ఏడాది రెండేళ్ళలో ఒకటి, ఒకటిన్నర శ్రుతికి దిగుతాడు. ఆ మధ్యకాలంలో పై స్థాయి కోసం అరిపించకూడదు. తగ్గించిన శ్రుతిలో రోజుకు ఇరవై నిమిషాలు మెల్లగా పాడించండి. మిగతా సమయం వయొలిన్, వీణ, మృదంగంలో ఏదో ఒకటి పట్టించండి. తాళం, స్వరజ్ఞానం ఎక్కడికీ పోవు. గొంతు కుదురుకున్నాక మళ్ళీ పాటకు వస్తాడు. కొందరు వాద్యంలోనే ఉండిపోతారు, అదీ మంచిదే. నేను వయొలిన్‌కు వచ్చిన కారణం వేరు గానీ, నా తమ్ముడు మృదంగానికి వచ్చింది మాత్రం ఇలాగే.

ప్రవేశ పరీక్షలో ఏం అడుగుతారు?

చాలా చోట్ల పాడించి చూస్తారు. ఒక వర్ణం, రెండు మూడు కృతులు, వాళ్ళు పాడిన స్వరాలను తిరిగి అనడం, తాళం వేయడం. కేంద్ర విశ్వవిద్యాలయాలకు సీయూఈటీ పరీక్ష కూడా రాయాలి. బాగా తెలిసిన చిన్న కృతి శ్రుతిలో నిలిపి పాడండి. పెద్ద కృతి ఎత్తుకొని సంగతుల్లో తడబడితే లాభం లేదు.

తరగతిలో మూడేళ్ళూ పాటలే నేర్పుతారా?

పాటలు సగం. మిగతా సగం లక్షణం, చరిత్ర, తాళ శాస్త్రం, స్వరలిపి రాయడం. 72 మేళకర్తల (మూల రాగాల) చక్రం, రాగ లక్షణాలు, వాగ్గేయకారుల జీవితాలు, శ్రుతుల లెక్క. పై తరగతుల్లో రాగాలాపన, నెరవల్, స్వరకల్పన, తానం, పల్లవి వస్తాయి. పిల్లలు భయపడేది ఇక్కడే, ఎందుకంటే అప్పటిదాకా చెప్పింది చెప్పినట్టు పాడినవాళ్ళు అప్పటికప్పుడు సొంతంగా పాడాలి.

తెలుగు మీడియం, ఒడియా మీడియం పిల్లలు థియరీ రాయగలరా?

విజయనగరం, తిరుపతి వంటి చోట్ల తెలుగులోనే జరుగుతుంది. చెన్నై, బనారస్‌లలో ఇంగ్లీషు, హిందీ కావాలి. కానీ మన పిల్లలకు పెద్ద వరం ఒకటుంది. అన్నమయ్య, క్షేత్రయ్య, రామదాసు, త్యాగరాజు పాడింది మన భాషలో. చెన్నై నుంచి వచ్చిన నా తోటి విద్యార్థులు త్యాగరాజ కృతుల్ని తమిళ లిపిలో రాసుకొని, మాటకు అర్థం నన్ను అడిగేవాళ్ళు. మాట ఎక్కడ విరవాలో, ఎక్కడ విరిస్తే అర్థం చెడుతుందో తెలుగు పిల్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఇంట్లో తెలుగు మాట్లాడినా చదవడం రాని పిల్లలు ఇటీవల ఎక్కువయ్యారు. వాళ్ళకు మొదటి వేసవిలోనే తెలుగు లిపి నేర్పండి, రెండు నెలలు చాలు.

మేం ఒడిశావాళ్ళం. ఆంధ్రలో సీటు, రిజర్వేషన్ ఉంటాయా?

దీని మీద చాలామంది దెబ్బతిన్నారు. ఆంధ్రప్రదేశ్ విశ్వవిద్యాలయాల్లో 85 శాతం సీట్లు స్థానిక అభ్యర్థులకు. మీ పిల్లలు చదివింది ఒడిశాలో కాబట్టి స్థానికులు కారు. మిగిలిన సీట్లకు, ఇతర రాష్ట్రాల సీట్లకు ఎవరు అర్హులో ఆ ఏటి నోటిఫికేషన్ చదివి, అడ్మిషన్ సెక్షన్‌కు స్వయంగా వెళ్ళి అడగండి. ఫోన్‌లో చెప్పిన మాట నమ్మి రావద్దు. ఒడిశా ఇచ్చిన కుల ధ్రువపత్రం మీద ఆంధ్ర రాష్ట్ర రిజర్వేషన్ వర్తించదు. బనారస్ వంటి కేంద్ర విశ్వవిద్యాలయాల్లో కేంద్ర జాబితాలో మీ కులం ఉంటే వర్తిస్తుంది. నాకు ఒకచోట ఆఫీసులో తప్పు చెప్పడం వల్ల ఒక విద్యా సంవత్సరం పోయింది. నాన్న గారు రెండుసార్లు రైలు ఖర్చు పెట్టుకొని తిరిగారు. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఖర్చు ఎంత? స్కాలర్‌షిప్ వస్తుందా?

ప్రభుత్వ కళాశాలల్లో ఫీజు తక్కువే. హాస్టలు, వాద్యం, రైలు ఖర్చులే ఎక్కువ. కేంద్ర సంస్కృతి శాఖ 18 నుంచి 25 ఏళ్ళ యువ కళాకారులకు నెలకు 5,000 రూపాయలు రెండేళ్ళపాటు ఇచ్చే స్కాలర్‌షిప్ ఉంది. గురువు దగ్గర అయిదేళ్ళు నేర్చుకొని ఉండాలి. 10 నుంచి 14 ఏళ్ళ పిల్లలకు సీసీఆర్‌టీ (కేంద్ర సాంస్కృతిక వనరుల శిక్షణ సంస్థ) ప్రతిభా స్కాలర్‌షిప్ వేరే ఉంది. మన జిల్లాల నుంచి దీనికి దరఖాస్తు పెట్టేవాళ్ళు నాకు చాలా తక్కువగా కనిపించారు. దయచేసి పెట్టించండి.

ప్రైవేటు అకాడమీ ఆరు నెలల్లో డిప్లొమా ఇస్తామంటోంది.

డబ్బు కట్టేముందు ఒక్క ప్రశ్న అడగండి: ఈ కాగితం ఏ విశ్వవిద్యాలయానిది, దానికి యూజీసీ గుర్తింపు ఉందా? సమాధానం తడబడితే వెనక్కి వచ్చేయండి. అఖిల భారతీయ గాంధర్వ మహావిద్యాలయ మండలి నడిపే ప్రవేశిక, మధ్యమ, విశారద వంటి పరీక్షలు పాతవి, పేరున్నవి. అయినా ఏ ఉద్యోగానికి ఏది డిగ్రీతో సమానమో ఆ నోటిఫికేషన్‌లోనే చూసుకోవాలి.

టీచర్ ఉద్యోగాలు నిజంగా ఉన్నాయా?

ఉన్నాయి. సంగీతం చదివినవాళ్ళకు నికరమైన జీతం ఎక్కువగా ఇక్కడే దొరుకుతుంది. కేంద్రీయ విద్యాలయాల్లో ప్రైమరీ టీచర్, సంగీతం అనే పోస్టు ఉంది. ప్లస్ టూలో 50 శాతం, సంగీతంలో డిగ్రీ కావాలి. మూల వేతనం 35,400 దగ్గర మొదలవుతుంది, వయసు 30 దాటకూడదు. జిల్లాకొకటి ఉండే నవోదయ విద్యాలయాల్లో మ్యూజిక్ టీచర్ పోస్టుకు మూల వేతనం 44,900. ఇంకా ఏకలవ్య ఆదర్శ గురుకుల పాఠశాలలు. రాయగడ, కోరాపుట్, గజపతి, మల్కన్‌గిరి లాంటి గిరిజన ప్రాంతాల్లో ఇవి ఉన్నాయి, వీటిలో కూడా సంగీతం టీచర్ ఉంటారు. ఇవి దేశమంతా పోటీ పడే ఉద్యోగాలు, నోటిఫికేషన్లు ఏటా రావు. వచ్చిన రోజున డిగ్రీ చేతిలో ఉండాలి, హిందీలోనో ఇంగ్లీషులోనో పాఠం చెప్పగలగాలి.

ఒడిశా ప్రభుత్వ ఉద్యోగాలకు ఒక్క జాగ్రత్త. ఒడియా చదవడం, రాయడం, మాట్లాడడం రావాలి, ఏడో తరగతి స్థాయి ఒడియా పరీక్ష పాసైన రుజువు అడుగుతారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలు ఈ రుజువు లేక ఆగిపోతారు. ముందే రాసి పెట్టుకోండి.

కాలేజీ లెక్చరర్ కావాలంటే?

ఎం.ఏ. లో 55 శాతం, రిజర్వుడు వర్గాలకు 50 శాతం మార్కులతో పాసై, నెట్ (జాతీయ అర్హత పరీక్ష) రాయాలి. సంగీతం నెట్‌లో కర్ణాటకం, హిందుస్తానీ, రవీంద్ర సంగీతం, తాళవాద్యాలు అన్నీ ఉంటాయి. జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే పరిశోధన మొదటి రెండేళ్ళు నెలకు 37,000 రూపాయలు.

పరిశోధనకు మన జిల్లాల్లో ఎంత సామగ్రి ఉందో చూస్తే మనసు ఆగదు. గిడుగు రామమూర్తి గారు పర్లాకిమిడిలో పంతులుగా ఉంటూ కొండల్లోని సవర గిరిజనుల భాష నేర్చుకొని, వాళ్ళ పాటలు రాసుకున్నారు. తర్వాత ఎంతమంది ఆ కొండలెక్కారు? సవర పాటల్లో స్వరాల నడక, కోరాపుట్ మాండలికమైన దేశియాలో పాటలు, మన జాలర్ల పడవ పాటలు, సన్నాయి మేళాల పాత బాణీలు. ముసలివాళ్ళు పోతుంటే పాటలూ పోతున్నాయి. ఒడియా, తెలుగు రెండూ వచ్చిన పిల్లలు తప్ప ఈ పని ఎవరూ సరిగ్గా చేయలేరు.

ఆకాశవాణిలో పాడాలంటే?

ఆడిషన్‌కు దరఖాస్తు పెట్టాలి. నెగ్గితే బి గ్రేడు, తర్వాత బి హై, ఎ, టాప్. మన దగ్గర బరంపురం, జయపురం, విశాఖపట్నం కేంద్రాలున్నాయి. రేడియో డబ్బుతో ఇల్లు గడవదు. కానీ గ్రేడు ఉంటే కచేరీ పిలుపులు, పాఠాల ఫీజు, కొన్ని ఉద్యోగ అర్హతలు మారిపోతాయి. విశ్వవిద్యాలయ నియామకాల్లో ఎ గ్రేడు కళాకారులకు నెట్ కాకుండా వేరే దారి కూడా ఉంది. తొలిసారి నెగ్గకపోతే సిగ్గుపడకండి, నేను మూడోసారికి నెగ్గాను.

ఇంట్లోనే ఉండి ఆన్‌లైన్‌లో పాఠాలు చెప్పవచ్చా?

చెప్పవచ్చు. అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఏడున్నర (వేసవిలో ఎనిమిదున్నర) అయ్యేటప్పుడు మనకు పొద్దున్న ఆరు. అక్కడి తెలుగు పిల్లలు హోంవర్కు ముగించి పాఠానికి కూర్చుంటారు. పెళ్ళయ్యాక సంగీతం ఆగిపోయిన అమ్మాయిలు చాలామంది ఇలా మళ్ళీ తంబూరా బయటికి తీశారు. మంచి మైకు, నికరమైన ఇంటర్నెట్ కావాలి. ఇద్దరూ కలిసి పాడడం మాత్రం కుదరదు, శబ్దం ఆలస్యంగా చేరుతుంది. పాడి వినిపించి, మైకు ఆపి వినాలి. ఓర్పు ఉన్నవాళ్ళకే ఇది కుదురుతుంది.

సినిమా, రికార్డింగు?

గొంతుతో పాటు సౌండ్ రికార్డింగ్ నేర్చుకోండి. కటక్‌లోని బిజూ పట్నాయక్ ఫిల్మ్ అండ్ టెలివిజన్ ఇన్‌స్టిట్యూట్‌లో, పుణెలో, కోల్‌కతాలో ఆ చదువులున్నాయి. స్వరజ్ఞానం ఉన్న సౌండ్ ఇంజినీర్‌ను స్టూడియోలు వదులుకోవు.

మాది మేళం కుటుంబం. తాతల నాటి నుంచి సన్నాయి. మా పిల్లవాడికి కాలేజీ ఎందుకు?

బాబూ, అసలు మొదట కాలేజీకి వెళ్ళాల్సింది మీ పిల్లవాడే. శ్వాస, వేళ్ళు, రాగం వాడికి పుట్టుకతో వచ్చాయి. కాగితం లేకపోవడం వల్ల మీ అన్నదమ్ములు పెళ్ళిళ్ళ సీజను ముగిశాక కూలికి వెళ్తున్నారని నాకు తెలుసు. డిప్లొమా ఉంటే దేవస్థానం కొలువుకో, బడి ఉద్యోగానికో నిలబడగలడు. చదివినా సన్నాయి మానడు, మానకుండా చూడండి.

వాయించకపోయినా సంగీతంతో బతికే పని ఉందా?

ఉంది. వీణలు చేసే బొబ్బిలి మనకు రైలు దారిలోనే ఉంది. దగ్గరి గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలు పనస చెక్కతో వీణలు చెక్కుతాయి, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. మేళం కట్టడం, అంటే మైనం మీద మెట్లు అమర్చడం చేతనైన మనిషి బరంపురంలో లేక నా శిష్యుల వీణలు బొబ్బిలికే పంపుతున్నాను. ఈ పని నేర్చుకున్న కుర్రాడికి మా వీధిలోనే ఏడాదికి సరిపడా వీణలున్నాయి.

మా అమ్మాయి తొమ్మిదో తరగతి. ఈ ఏడాది ఏం చేయమంటారు?

రోజూ పొద్దున్న నలభై నిమిషాలు తంబూరా శ్రుతిలో అకార సాధన, వర్ణం. వారానికి ఒక కచేరీ పూర్తిగా వినడం. తెలుగు లిపి, ఒడియా పరీక్ష. పుట్టినతేదీ, పేరు అన్ని సర్టిఫికెట్లలో ఒకేలా ఉన్నాయో లేదో చూసి, తేడా ఉంటే ఇప్పుడే దిద్దించండి. దసరా సెలవుల్లో ఒకసారి విజయనగరం తీసుకెళ్ళండి. కాలేజీ తెరిచి ఉన్న రోజు చూసుకొని వెళ్ళి, వరండాలో కాసేపు కూర్చోనివ్వండి. ఒక గదిలోంచి వీణ, ఇంకో గదిలోంచి వర్ణం, పక్కన మృదంగం వినిపిస్తాయి. ఇంటికి వచ్చాక చేరతావా అని అమ్మాయినే అడగండి.